జాకీ ఎత్తుతుంది గాని మోయదు



ఈ పత్రికలో మేము సాధారణంగా బి.పి., షుగరు, బాలింతల ఆహారం, పసిపిల్లల టీకాలు, వడదెబ్బ వంటి విషయాలు వ్రాస్తూ ఉంటాము. ఈసారి ఇంటి దగ్గర కారును జాకీతో పైకి లేపి దాని కిందకు దూరే అలవాటు గురించి వ్రాస్తున్నాము. సూదులు వేసే సిస్టర్లకు స్పానర్ల సంగతి ఎందుకని కొందరు నవ్వవచ్చును. నిజమే, మాకు బండి పని రాదు. అందుకే ఇది వ్రాయడానికి ముందు మా ఆసుపత్రి డ్రైవరును, మన సంఘంలో ఉన్న ఇద్దరు మెకానిక్కులను కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాము. బండి కింద పడిన మనిషికి ఏమవుతుందో మాత్రం మేము ఎవరినీ అడగనక్కరలేదు.

రాజంపేట, నందలూరు, కోడూరు చుట్టుపక్కల ఊళ్ళలో కువైట్‌లో పనిచేసే మనిషి లేని వీధి దొరకడం కష్టం. వారిలో చాలామంది అక్కడ ఇంటి డ్రైవర్లు. సెలవు మీద వచ్చినప్పుడు ఊరికే కూర్చోలేరు. ఇంటిముందు పాత కారో జీపో ఉంటే దానిని బాగుచేయాలని చూస్తారు. మేము చెప్పబోయేది అటువంటి ఒక అబ్బాయి సంగతి. అతని అనుమతితోనే, పేరు, ఊరు లేకుండా వ్రాస్తున్నాము.

మే నెల మధ్యాహ్నం. ఇంట్లో అందరూ భోజనం చేసి పడుకున్నారు. కూలరు మోత. ఈ అబ్బాయి తండ్రిగారి కారు వెనుక భాగాన్ని డిక్కీలోని జాకీతో లేపి, పక్కన రెండు రాళ్ళు పేర్చి, సైలెన్సరు బిగించడానికి కిందకు దూరాడు. గట్టి బోల్టు ఒకటి రాకపోతే స్పానరుతో బలంగా లాగాడు. కారు ముందుకు కదిలింది, జాకీ పక్కకు ఒరిగింది, రాళ్ళు జారాయి. బండి బరువంతా అతని కుడి తొడ మీద, మోకాలి మీద దిగింది. అరిచాడు. కూలరు మోతలో ఎవరికీ వినబడలేదు. సాయంత్రం నాలుగు గంటలకు తల్లి టీ తీసుకొని బయటకు వచ్చేవరకు, అంటే సుమారు మూడు గంటలు, ఆ ఎండలో అలాగే ఉన్నాడు.

వీధిలోని మగవారు ఏడెనిమిది మంది కలిసి కారును ఎత్తి అతనిని లాగారు. విచిత్రమేమిటంటే, అతను లేచి కూర్చున్నాడు. మాట్లాడాడు. నెత్తురు పెద్దగా లేదు. అందరూ దేవునికి స్తోత్రం చెప్పి, రెండు కొబ్బరిబోండాలు కొట్టి తాగించారు. ఎవరో నొప్పికి ఇంజక్షను చేయించారు. కాలు వాచింది, ఉదయం చూద్దామనుకున్నారు. ఉదయానికి కాలు తాటిమొద్దులాగా బిగుసుకుపోయింది. మూత్రం కాఫీ డికాషను రంగులో కొంచెమే వచ్చింది. అప్పుడు మా దగ్గరకు తెచ్చారు. మా డాక్టరుగారు చూసిన వెంటనే సెలైన్లు పెట్టించి, గుండె పరీక్ష చేయించి, ఆలస్యం చేయకుండా తిరుపతికి పంపించారు. అక్కడ చాలాసార్లు డయాలసిస్ చేయవలసి వచ్చింది. దేవుని దయవలన మూత్రపిండాలు కోలుకున్నాయి. పాదం మాత్రం ఇంకా సరిగా పైకి లేవదు. ఈలోగా కువైట్‌కు తిరిగి వెళ్ళవలసిన గడువు దాటి అకామా రద్దయింది. ఆ ఇంటికి వచ్చే జీతం అదొక్కటే.

డ్రెస్సింగుకు వచ్చినప్పుడు అతను అన్న మాట మా సిస్టర్లు ఎవరూ మరచిపోలేదు. "అక్కడ అరబ్బు స్పోర్ట్స్ కారుకు నాలుగు స్టాండులు పెట్టేవాడిని సిస్టరమ్మా. ఇక్కడ నాన్న కారుకు రెండు రాళ్ళు పెట్టినాను."

తెలియక జరిగింది కాదు. మన ఇల్లు, మన బండి, పది నిమిషాల పని అనుకోవడం వలన జరిగింది.

ఎత్తేది ఒకటి, మోసేది ఒకటి

మన తాతల కాలంలో ఎద్దులబండి ఇరుసుకు కందెన వేయాలంటే ఏమి చేసేవారో పెద్దవారికి జ్ఞాపకం ఉంటుంది. ఇద్దరు మనుషులు బండిని ఎత్తేవారు, మూడవ మనిషి కింద పోటు పెట్టేవాడు. ఎత్తిన వారు చేతులు వదిలిన తరువాత బరువు పోటు మీద ఉండేది. ఎత్తిన చేతులను నమ్మి ఎవరూ చక్రం ఊడదీయలేదు. జాకీ అనేది ఆ ఎత్తే చేయి. జాకీ స్టాండు అనేది ఆ పోటు. ఇప్పుడు చేయి ఉంది, పోటు పోయింది.

కారుతో వచ్చే స్క్రూ జాకీ అడుగు మన అరచేయంత ఉంటుంది. అది పంచరు పడినప్పుడు స్టెప్నీ మార్చడానికి మాత్రమే ఇచ్చినది. దానితో లేపి బండి కిందకు వెళ్ళరాదని కారుతో ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది, కాని ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పకుండా డ్యాష్‌బోర్డులోనే ఉండిపోతుంది. నూనెతో పనిచేసే బాటిల్ జాకీ, ట్రాలీ జాకీ చూడడానికి బలంగా ఉంటాయి. వాటిలో బరువును ఆపేది లోపలి నూనె, దాని చుట్టూ ఒక చిన్న రబ్బరు వాషరు. ఆ వాషరు అరిగితే మెల్లగా దిగుతుంది, తెగితే ఒక్కసారిగా దిగుతుంది. ముందుగా చెప్పి దిగదు.

బరువు ఎంత అనేది కూడా ఆలోచించండి. మనం చిన్నదిగా చూసే మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. పాతిక కిలోల బియ్యం మూటలు 26. దాని ఒక మూల కిందనే మనిషి ఉన్నా, ఆరేడు మూటలు ఒకేసారి ఛాతీ మీద వేసినట్లే. స్పోర్ట్స్ కార్లు ఎత్తు తక్కువగా ఉండి తేలికగా కనబడతాయి గాని, వాటిలో చాలా వాటి బరువు 1,400, 1,500 కిలోల దాకా ఉంటుంది.

ఇది మన ప్రాంతం సమస్య మాత్రమే కాదు. చాలా ఇళ్ళకు గ్యారేజి, మంచి సామాను ఉన్న అమెరికాలో కూడా, లేపుతున్న బండి మీద పడి లేదా బండి కింద ఉండగా అది దిగి, ఏడాదికి సుమారు 168 మంది చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2007 లెక్కలలో అంచనా వేసింది. రోడ్డు మీద కాదు, ఎక్కువగా ఇళ్ళ దగ్గర జరిగేవి ఇవి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలనే ఆజ్ఞ ఉన్నది. ఎవరైనా పడిపోతే ఆ రక్తాపరాధం ఇంటిమీదకు వస్తుందని అక్కడ కారణం కూడా చెప్పబడింది. మిద్దె మీద పిట్టగోడ ఉంటే కాలు జారకుండా ఆపదు, జారినవాడిని కింద పడకుండా ఆపుతుంది. స్టాండు పని కూడా అంతే. జాకీ జారకుండా అది ఆపదు, జారిన బండిని మనిషి మీద పడకుండా ఆపుతుంది.

హ్యాండ్‌బ్రేకు వేశాను కదా అంటారు

ఆ అబ్బాయి హ్యాండ్‌బ్రేకు వేశాడు. గేరు కూడా వేశాడు. అయినా కారు ముందుకు ఎందుకు కదిలిందని మేము అడిగితే మా డ్రైవరు చెప్పిన సంగతి మా అందరికీ కొత్త. దాదాపు అన్ని కార్లలోను హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనుక చక్రాలను మాత్రమే. వెనుక భాగాన్ని గాలిలోకి లేపితే హ్యాండ్‌బ్రేకు గాలిలో ఉన్న చక్రాలను పట్టుకొని ఉంటుంది, నేలమీద ఉన్న ముందు చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. గేరైనా ఆపుతుంది కదా అంటే, అది ఇంజను ఏ చక్రాలను తిప్పుతుందో వాటినే ఆపుతుంది. మారుతి వంటి కార్లలో ముందు చక్రాలను తిప్పుతుంది గనుక కొంత నయం. అంబాసిడరు, జీపు, అనేక స్పోర్ట్స్ కార్లలో తిప్పేది వెనుక చక్రాలనే. అటువంటి బండి వెనుక భాగం లేపితే హ్యాండ్‌బ్రేకూ లేదు, గేరూ లేదు. నేలమీద ఉన్న రెండు చక్రాలను ఆపేది వాటి ముందు వెనుక పెట్టిన అడ్డం ఒక్కటే.

అందుచేత లేపని వైపు చక్రాలకు, రెండింటికీ, ముందు ఒకటి వెనుక ఒకటి అడ్డం పెట్టాలి. దారిలో దొరికిన గుండ్రటి రాయి పనికిరాదు, అది కూడా దొర్లుతుంది. వడ్రంగి దగ్గరకు వెళ్ళి ఏటవాలుగా కోసిన చెక్కలు నాలుగు చేయించుకుంటే జీవితకాలం ఉంటాయి.

కడప బండ మీద జాకీ

మన ఇళ్ళ ముందు వాకిట్లో కడప బండలు పరచి ఉంటాయి. చూపుకు నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. కాని బండ కింద మట్టి అన్నిచోట్లా సమానంగా కూరి ఉండదు. వానలకు కింద మట్టి కొట్టుకుపోయి డొల్లగా ఉన్న బండను కాలితో తొక్కితే మోత తెలుస్తుంది. కారు బరువంతా అరచేయంత చోట ఆ బండ మీద మోపితే అది విరగవచ్చును. నల్ల రాయి కదా, విరిగే ముందు వంగడం అనేది లేదు. నునుపు బండ మీద నూనె చుక్క పడితే జాకీ జారుతుంది. ట్రాలీ జాకీకి ఇంకొక చిక్కు ఉన్నది. అది బండిని లేపుతున్నకొద్దీ దాని చక్రాలు కొంచెం దొర్లి లోపలికి జరగాలి. బండల సందులో చక్రం ఇరుక్కుంటే జాకీ జరగదు, బండినే తన వైపు లాగుతుంది.

మట్టి వాకిలి అయితే జాకీ దిగబడుతుంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళమీద పడిన తరువాత ఇసుక మేటలు ఎలా ఉన్నాయో చూసినవారికి ఇసుక మీద బరువు నిలవదని చెప్పనవసరం లేదు. తారు రోడ్డు ఎండాకాలంలో మెత్తబడుతుంది, స్టాండు కాళ్ళు మెల్లగా అందులోకి దిగుతాయి. మంచి కాంక్రీటు వేసిన చదును నేల ఒక్కటే ఇందుకు తగినది. అది లేనివారు మందమైన వెడల్పాటి పలక మీద జాకీని, మరొక పలక మీద స్టాండును పెట్టి స్టెప్నీ మార్చుకోవచ్చును గాని, కింద దూరే పని షెడ్డులో చేయించుకోవడమే మేలు.

ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, రాళ్ళ పేర్పు, వీటి గురించి ఒక్క మాట. ఇటుక గోడలో బరువు మోస్తుంది, ఎందుకంటే అక్కడ బరువు పరచుకొని ఉంటుంది. కారు అంచు ఇనుము ఇటుక మీద ఒక గీతలాగా ఆనుతుంది. అప్పుడు ఇటుక పగలదు, పొడి అవుతుంది. డొల్ల సిమెంటు దిమ్మె ఇంకా అన్యాయం.

ఇది వ్రాస్తూ మా తప్పు దాచుకోలేము. కొన్ని సంవత్సరాల క్రిందట మా ఆసుపత్రి వ్యానునే మా డ్రైవరు ఓ.పి. వెనుక ఇటుకల మీద నిలబెట్టి కింద పడుకొని ఉండగా మా నైట్ డ్యూటీ సిస్టరు చూసింది. కాళ్ళు మాత్రమే బయటకు కనబడ్డాయి. ఎవరో పడిపోయారనుకొని ఆమె పరుగెత్తింది. ఆ తరువాత మేము అందరం కలిసి అతనిని చీవాట్లు పెట్టాము. అతను నెమ్మదిగా, "స్టాండులు కొనియ్యమని రెండేళ్ళ నుంచి అడుగుతున్నాను గదమ్మా" అన్నాడు. మాకు జవాబు లేకపోయింది. కమిటీ మరుసటి నెలలో కొన్నది. ఒక జత రెండు మూడు వేల రూపాయలలో వస్తుంది.

లేపే పద్ధతి

మా డ్రైవరు, మెకానిక్కులు చెప్పిన క్రమం ఇది. బండిని చదును నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు, గేరు వేసి, లోపల ఎవరూ లేకుండా అందరినీ దించి, లేపని వైపు చక్రాలకు అడ్డం పెట్టాలి. చక్రం ఊడదీసే పని ఉంటే దాని నట్లను బండి నేలమీద ఉండగానే ఒక చుట్టు వదులు చేయాలి. గాలిలో ఉన్న బండి మీద వీల్ స్పానరుతో బలం చూపిస్తే బండి ఊగుతుంది, ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి.

జాకీ ఎక్కడ పెట్టాలో పుస్తకంలో బొమ్మ ఉంటుంది. చాలా కార్లలో తలుపుల కింద అంచుకు గుర్తుగా రెండు గాట్లు ఉంటాయి, ఆ మధ్య భాగం బలంగా ఉంటుంది. ఇంజను చాంబరు కింద, గేరుబాక్సు కింద, నేల రేకు కింద పెట్టరాదు. కొంచెం లేపి, ఆగి, జాకీ నిటారుగా ఉన్నదా చూసి, మళ్ళీ లేపాలి. కావలసిన ఎత్తు వచ్చిన తరువాత స్టాండును గట్టి చోటు కిందకు, చేయి మాత్రమే లోపలికి పోయేటట్లు, బయట నుండే జరపాలి. రెండు వైపులా ఒకే ఎత్తున పెట్టాలి. అప్పుడు జాకీని మెల్లగా దించి బరువును స్టాండుల మీదకు దింపాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. స్టాండు పెడతారు గాని అంగుళం సందు ఉంచి బరువు జాకీ మీదే వదిలేస్తారు. స్టాండు బరువు మోస్తున్నదంటే దానిని కదిపినా కదలకూడదు.

కిందకు వెళ్ళకముందు బయట నిలబడి బండిని చేతులతో గట్టిగా నెట్టి ఊపి చూడాలి. పడేదైతే అప్పుడే పడాలి. నిలిచిన తరువాత కూడా జాకీని తీసివేయకుండా తగిలీ తగలనట్లు అక్కడే ఉంచాలి. ఊడదీసిన చక్రాన్ని గోడకు ఆనించకుండా బండి అంచు కింద పడుకోబెట్టాలి. అన్నీ తప్పినా బండి చక్రం మీద ఆగుతుంది, మనిషికి ఊపిరి పీల్చే సందు మిగులుతుంది. ఖర్చు లేని రక్షణ ఇది.

స్టాండు కొనేటప్పుడు దాని మీద ఎన్ని టన్నులని వ్రాసి ఉన్నదో, అది ఒకదానికా, జతకా అని అడగండి. పళ్ళతో పట్టే రకం ఉంటుంది, అడ్డంగా పిన్ను దూర్చే రకం ఉంటుంది, రెండూ ఉన్న రకం కూడా వస్తుంది. రెండూ ఉన్నది కొనమని మా సలహా. 2020లో అమెరికాలో ఒక పెద్ద వ్యాపార సంస్థ తాను అమ్మిన స్టాండులను 17 లక్షలకు పైగా వెనుకకు తీసుకోవలసి వచ్చింది. పళ్ళు సరిగా పట్టక ఊగినప్పుడు జారే అవకాశం ఉన్నదని తేలింది. బదులుగా ఇచ్చిన వాటిలో కూడా కొన్నింటికి వెల్డింగు లోపం బయటపడింది. కొత్త స్టాండు అయినా కళ్ళతో చూసి, పళ్ళు తడిమి, వంపు, పగులు లేదని తెలుసుకొని వాడాలి.

కువైట్, దుబాయిలలో యజమానుల స్పోర్ట్స్ కార్లు చూసుకునే మన పిల్లలకు వేరుగా ఒక మాట. ఆ కార్లు నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులోనే ఉంటాయి. మామూలు ట్రాలీ జాకీ కిందకు దూరదు. దూర్చాలని అంచు కింద ఏదో ఒకటి పెట్టి లేపితే ప్లాస్టిక్ అంచు విరుగుతుంది, ఆ భయంతో జాకీని తప్పుడు చోట పెడతారు. ముందుగా చక్రాల కింద రెండు పొడవైన పలకలు పరచి, వాటి మీదకు కారును మెల్లగా ఎక్కిస్తే అంగుళమున్నర ఎత్తు వస్తుంది, జాకీ దూరుతుంది. ఎత్తు తక్కువ గల ట్రాలీ జాకీలు వేరుగా అమ్ముతారు. యజమానిని అడగండి. కారుకు లక్షలు పోసినవారికి అది పెద్ద ఖర్చు కాదు, అడగడానికే మనవాళ్ళకు మొహమాటం. అది లేనప్పుడు, కిందకు దూరే పని గ్యారేజిదని చెప్పడంలో తప్పు లేదు.

ఇక ఎవరు చేసినా, ఒంటరిగా చేయవద్దు. పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి, చేతిలో ఫోను ఉండాలి. పిల్లలను, కోళ్ళను, కుక్కను దూరంగా ఉంచాలి. టార్చి పట్టుకోమని చిన్నపిల్లవాడిని బండి పక్కన కూర్చోబెట్టడం మన ఇళ్ళలో చాలా ఉన్నది. వద్దు.

బండి మీద పడితే

మా వద్దకు వచ్చిన మరొక సంఘటన గురించి ఎక్కువ వ్రాయలేము. ఆయన ఛాతీ మీద బండి పడింది. కుటుంబం వారు జాకీ కోసం పక్కింటికి పరుగెత్తారు. వారు తిరిగి వచ్చి లేపేటప్పటికి పది నిమిషాలు దాటింది. మా దగ్గరకు తెచ్చినప్పుడు మేము చేయగలిగినది ఏమీ లేకపోయింది.

ఛాతీ, మెడ, పొట్ట మీద బరువు ఉంటే గుండెకు దెబ్బ తగలకపోయినా ఊపిరి ఆడదు. పక్కటెముకలు లేవలేవు. కొద్ది నిమిషాలే సమయం. అప్పుడు ఎవరి కోసమూ ఎదురు చూడకూడదు. కేకలు వేసి, ఉన్న మనుషులందరూ కలిసి ఒకే అంచున ఎత్తాలి, లేదా పడిపోయిన జాకీనే సరిగా నిలిపి లేపాలి. లేచినకొద్దీ కింద స్టెప్నీయో దుంగయో తోయాలి. ఎవరూ తాము కిందకు దూరరాదు, రెండవ ప్రాణం పోతుంది. ఇంజను స్టార్టు చేసి ముందుకు వెనుకకు నడిపే ఆలోచన చేయరాదు. ఒకరు 108కు ఫోను చేస్తూ ఉండాలి. బయటకు తీసిన మనిషి ముఖం నల్లగా, ఊదాగా ఉబ్బి, కళ్ళలో ఎర్రని చుక్కలు కనబడవచ్చును. అది చూసి ప్రాణం పోయిందని వదిలివేయవద్దు. అటువంటివారు ఎందరో బ్రతికారు. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో, నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కుతూ ఉండాలి. మెడ, వెన్ను తిప్పకుండా పలకలాగా ఒకేసారి కదపాలి.

కాలు, చేయి చిక్కుకున్నప్పుడు సంగతి వేరు. వెంటనే చూసినట్లయితే వెంటనే తీయండి. గంటకు పైగా నలిగి ఉంటే, మనిషి బాగా మాట్లాడుతున్నా, ముందు 108కు ఫోను చేసి ఎంతసేపటి నుండి ఉన్నాడో చెప్పండి. దగ్గరలో సాయం ఉంటే సెలైను ఎక్కుతుండగా తీయడం మంచిది. సాయం దూరమైతే తీసి, క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తేవాలి.

ఎందుకని అంటే, నలిగిన కండ చనిపోతుంది. బరువు ఉన్నంతసేపు దానిలోని విషపదార్థాలు అక్కడే ఆగి ఉంటాయి. బరువు తీయగానే రక్తంలో కలుస్తాయి. అందులో పొటాషియం గుండెను ఆపగలదు. కండ రంగు పదార్థం మూత్రపిండాలలో అడ్డుపడుతుంది. మూత్రం డికాషను రంగులోకి మారేది అందుకే. 1941లో లండన్ మీద బాంబులు పడిన రోజులలో బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు డాక్టర్లు దీనిని వివరంగా వ్రాశారు. శిథిలాల కింద గంటలకొద్దీ ఉండి బయటపడినవారు మొదట బాగానే కనబడి, కొన్ని రోజులలో మూత్రం ఆగి చనిపోవడం వారు గమనించారు. మన దగ్గర ఎండకు ముందే ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది గనుక మూత్రపిండాలకు దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది.

ఇప్పుడు కొబ్బరినీళ్ళ సంగతి. ఎవరు దెబ్బ తగిలి వచ్చినా కొబ్బరినీళ్ళు, అరటిపండు ఇవ్వడం మన ప్రేమ. మామూలుగా అది మంచిదే. నలిగిన మనిషికి మాత్రం వద్దు. రెండింటిలోను పొటాషియం ఎక్కువ. అది ఎక్కువై గుండె ఆగే ప్రమాదం ఉన్నవాడికి మనమే ఇంకొంచెం పోసినట్లవుతుంది. ఆ అబ్బాయి తల్లికి ఈ సంగతి మేము చాలా రోజుల వరకు చెప్పలేదు. చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది. తెలియక చేసినది, ఆమె తప్పు లేదు. డాక్టరు చూడకుండా నొప్పి ఇంజక్షను కూడా చేయించరాదు, వాటిలో చాలా వరకు మూత్రపిండాల మీద భారం వేస్తాయి.

ఎముక విరిగిందనగానే మన ప్రాంతంలో ముందుగా వచ్చే మాట పుత్తూరు కట్టు. నలిగిన కాలు విరిగిన కాలు వంటిది కాదు. అది లోపల వాస్తూ ఉంటుంది. దాని మీద బిగుతుగా ఏ కట్టు కట్టినా, ఎక్కడ కట్టినా, లోపల రక్తం ఆడదు. కాలు బిగుసుకోవడం, వేళ్ళు కదిపితే భరించలేని నొప్పి, తిమ్మిరి ఉంటే గంటలలో ఆపరేషను చేయవలసి రావచ్చును. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి. నొక్కినా ఆగకుండా కారుతుంటే తప్ప తాడు బిగించరాదు. మొదటి రెండు రోజులు మూత్రం రంగు ఎలా ఉన్నదో, ఎంత వస్తున్నదో చూస్తూ ఉండండి.

మా ఆసుపత్రి జనరేటరు గది పక్కన ఇప్పుడు రెండు జతల జాకీ స్టాండులు, వడ్రంగి చేసిన అడ్డం చెక్కలు నాలుగు ఉన్నవి. సంఘస్థులు, మా పేషెంట్ల కుటుంబాలవారు ఎవరైనా వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో పేరు వ్రాసి, డబ్బు ఏమీ లేకుండా తీసుకొని వెళ్ళవచ్చును. వాడిన తరువాత నూనె తుడిచి తిరిగి తేవాలి. క్రిస్మస్‌కు ముందు తీసుకున్న ఒక జత ఇంకా రాలేదు. పుస్తకంలో వ్రాత అర్థం కావడం లేదు. తీసుకున్నవారు ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు తెచ్చి గేటు దగ్గర ఇవ్వగలరు.